రహస్యం ఎవరి చేతిలో ఉంది?

స్పానిష్ నేర్చుకునే తెలుగువాళ్ళు మొదటి ఏడాదిలోనే పడే గోతుల్లో ‘రహస్యం’ అనే మాట ఒకటి. నిఘంటువులో ‘సెక్రేతో’కి ఎదురుగా రహస్యం అని ఉంటుంది. ‘మిస్తేరియో’కీ రహస్యమే. ‘ఎనీగ్మా’ దగ్గర గూఢ రహస్యం, ‘అర్కానో’ దగ్గర పరమ రహస్యం. ‘ఇన్‌కోగ్నితా’ దగ్గర తెలియనిది అని రాసి చేతులు దులుపుకుంటారు. ఈ వరస చూసినవాడికి ఒకటే అర్థమవుతుంది: రహస్యం ఎంత లోతైతే అంత పెద్ద మాట వాడాలి కాబోలు అని. చిన్నదైతే సెక్రేతో, కాస్త పెద్దదైతే మిస్తేరియో, మరీ అంతుపట్టకపోతే ఎనీగ్మా.

ఈ లోతుల లెక్క తప్పని నా వాదన. ఓ అరమార్కు తప్పు కాదు, మొదలంటా తప్పు. దీన్ని నమ్ముకున్నవాడు “నా దగ్గర ఒక పెద్ద రహస్యం ఉంది” అనబోయి “తేంగో ఉన్ గ్రాన్ మిస్తేరియో” అంటాడు. వ్యాకరణం శుభ్రంగా ఉంటుంది. విన్నవాడు మాత్రం కనుబొమలు ముడేస్తాడు. నీకే తెలియనిది నీ దగ్గర ఎలా ఉంది నాయనా అని అతని సందేహం.

లోతు కాదు, చేయి

అడగాల్సింది ఎంత లోతు అని కాదు, జవాబు ఎవరి చేతిలో ఉంది అని. సెక్రేతోకి సొంతదారు ఉంటాడు. ఎవరో ఒకరికి జవాబు తెలుసు, తెలిసే దాస్తున్నారు. లాటిన్‌లో ఈ మాటకు మూలం విడదీసి పక్కన పెట్టడం అనే క్రియ. పక్కన పెట్టడానికి ఓ చేయి కావాలి కదా. ‘సెక్రెతారియో’, అంటే కార్యదర్శి, మొదట్లో దొరగారి రహస్యాలు దాచిపెట్టే నమ్మకస్తుడే.

మిస్తేరియోకి సొంతదారు అక్కర్లేదు. గ్రీకులో కళ్ళో పెదవులో మూసుకోవడాన్ని చెప్పే క్రియ నుంచి వచ్చిందంటారు. మాట్లాడేవాడికి జవాబు కనిపించడం లేదు, అంతే. ఇంకెవరికైనా తెలుసా లేదా అన్నది ఆ మాట పట్టించుకోదు.

ఒక్క వాక్యంలో పెట్టి చూస్తే తేడా చప్పున తెలుస్తుంది. “సు మువేర్తే ఎస్ ఉన్ సెక్రేతో” అంటే అతను పోయిన సంగతి బయటికి పొక్కనివ్వడం లేదని. “సు మువేర్తే ఎస్ ఉన్ మిస్తేరియో” అంటే పోయాడని ఊరంతా తెలుసు, ఎలా పోయాడో తెలియదని. ఇక్కడ ఒక మాట బదులు ఇంకోటి వేస్తే లోతు మారదు, సమాచారమే తలకిందులవుతుంది.

క్రియా విశేషణాల్లో మన ‘రహస్యంగా’ ఇంకా పెద్ద ఇబ్బంది తెచ్చిపెడుతుంది. “సలియో ఎన్ సెక్రేతో” అంటే ఎవరికీ చెప్పకుండా వెళ్ళాడు. “దెసపరెసియో మిస్తెరియోసమేంతే” అంటే ఎలా మాయమయ్యాడో అంతుచిక్కలేదు. మొదటిది వెళ్ళినవాడి వైపు నుంచి, రెండోది వెతుకుతున్నవాళ్ళ వైపు నుంచి. ‘ఎన్ సెక్రేతో’ ఉంది కదా అని దానికి జోడుగా ‘ఎన్ మిస్తేరియో’ తయారుచేసి ఒంటరిగా వాడితే కుదరదు. ‘ఎన్‌వువేల్తో ఎన్ మిస్తేరియో’, అంటే మిస్టరీ ముసురుకున్నది, లాంటి కూర్పుల్లోనే అది ఒదుగుతుంది.

క్రియ పట్టుకుంటే నామవాచకం దొరుకుతుంది

సొంతదారు లెక్క తేలకపోతే పక్కన ఏ క్రియ నిలబడుతుందో చూడాలి. ఇది మనకు కొత్త విద్య కాదు. గుట్టు రట్టవుతుంది, చిక్కుముడి వీడుతుంది, పొడుపు కథ విప్పుతారు. పొడుపు కథ రట్టయిందని ఎవరూ అనరు. స్పానిష్‌లోనూ అదే పద్ధతి.

దాచుకోవడం, ‘గ్వార్దార్’, వచ్చిందంటే అక్కడ సెక్రేతోనే. చెప్పడం, ఒకరి చెవిన వేసి నమ్మడం, సమాధిలోకి పట్టుకుపోవడం, ఇవన్నీ సెక్రేతో చుట్టాలే. “గ్వార్దార్ ఉనా ఇన్‌కోగ్నితా” అంటే నవ్వొస్తుంది. ఎనీగ్మాకి తగిన క్రియలు ‘దెసిఫ్రార్’, ‘రెసోల్వేర్’. మొదటిది సంకేతం విప్పి చదవడం, రెండోది పరిష్కరించడం. అంటే ఎనీగ్మా ఒక ప్రశ్నలా కూర్చి ఉంటుంది, ముక్కలన్నీ ఎదురుగానే ఉంటాయి, చదివే తాళంచెవే ఉండదు. ఇన్‌కోగ్నితాకి ‘దెస్పెహార్’, అడ్డు తొలగించడం. మిస్తేరియో కాస్త ఉదారం. ‘రెసోల్వేర్’నూ రానిస్తుంది, తేటపరచడమనే ‘ఎస్క్లారెసేర్’నూ రానిస్తుంది. పేగులు బయటికి లాగడమనే మూలార్థమున్న ‘దెసెంత్రన్యార్’తోనూ సర్దుకుంటుంది.

ఒక క్రియ దగ్గర మాత్రం ఈ పరీక్ష పనిచేయదు. ముసుగు తీయడమనే అర్థంలో ‘దెస్వెలార్’ సెక్రేతో, మిస్తేరియో, ఇన్‌కోగ్నితా ముగ్గురితోనూ తిరుగుతుంది. దానికి ఇంకో చిక్కు కూడా ఉంది. అవే అక్షరాలతో నిద్ర పట్టకుండా చేయడం అనే వేరే క్రియ ఉంది, దాని మూలమే వేరు. అమెరికా ఖండపు స్పానిష్‌లో ముసుగు తీయడానికి ‘దెవెలార్’ అనడం ఎక్కువ కాబట్టి అక్కడ ఈ తికమక ఉండదు.

ఎనీగ్మాకి మంచి ఉదాహరణ ఐబీరియన్ లిపి. రోమన్లు రాకముందు స్పెయిన్ తూర్పు తీరంలో వాడిన లిపి అది. మాన్యుయేల్ గోమెస్ మొరేనో అనే పండితుడు 1920లలో దాని అక్షరాల విలువలు తేల్చాడు. దాంతో ఆ శాసనాలను పైకి చదవగలుగుతున్నారు. చదివినదానికి అర్థం మాత్రం తెలియదు. కాబట్టి లిపి అనే ఎనీగ్మా దెసిఫ్రార్‌కి లొంగింది, భాష అనే ఎనీగ్మా ఇంకా అలాగే కూర్చుంది. దీన్ని సెక్రేతో అనాలంటే ఆ భాష తెలిసినవాడు ఎక్కడో బతికుండి నోరు మెదపకుండా ఉండాలి.

లింగం దగ్గర జాగ్రత్త. చివర ‘ఆ’ ఉంది కదా, స్త్రీలింగమే అనుకుని ‘లా ఎనీగ్మా’ అనేస్తారు. అది ‘ఎల్ ఎనీగ్మా’. గ్రీకు నపుంసక లింగం నుంచి వచ్చిన ఈ ‘మా’ ముగింపు మాటలు, ఎల్ ప్రొబ్లేమా, ఎల్ తేమా, ఎల్ దోగ్మా, స్పానిష్‌లో పుంలింగాలై కూర్చున్నాయి. రెండో ప్రపంచ యుద్ధపు గూఢలేఖన యంత్రాన్ని ‘లా ఎనీగ్మా’ అన్నారంటే అక్కడ లోపల యంత్రం, ‘మాకినా’, దాక్కుని ఉందన్నమాట. అది స్త్రీలింగం.

తెలియని రాశి

వీళ్ళందరిలోనూ అన్యాయమైపోయేది ఇన్‌కోగ్నితా. తెలుగులో దానికి సరిపోయే నిత్యవ్యవహారపు మాట లేకపోవడంతో మనవాళ్ళు దాని జోలికే పోరు. స్పానిష్ పత్రికలు మాత్రం అది లేకుండా ఎన్నికల వార్త రాయలేవు.

దీని సొంత ఇల్లు బీజగణితం. 3x + 5 = 20 అన్న సమీకరణంలో x అన్నది లా ఇన్‌కోగ్నితా. అయిదును అవతలికి పంపితే 3x = 15, మూడుతో భాగిస్తే x = 5. చుట్టూ ఉన్నవాటిని తొలగించి xను ఒంటరిగా నిలబెట్టే ఈ పనికి బడిలో వాడే క్రియే దెస్పెహార్. మబ్బులు తొలగి ఆకాశం తేటపడినా అదే క్రియ, గోలు ముందు గుమిగూడినచోటు నుంచి బంతిని దూరంగా తన్నినా అదే క్రియ. అడ్డు తీసేయడమే దాని అసలు పని.

ఈ లెక్కల వాసన గుర్తుంటే వాడకంలో తప్పు పోదు. ఇన్‌కోగ్నితాలో భయం లేదు, మాయ లేదు, దాపరికం లేదు. ఒక గడి ఖాళీగా ఉంది, వివరం వస్తే నిండుతుంది. ఫలానా ఆటగాడు ఆదివారం ఆడతాడా, ఏ పార్టీకి మెజారిటీ వస్తుంది, ధరలు వచ్చే ఏడాది ఎలా ఉంటాయి, ఇవన్నీ ఇన్‌కోగ్నితాలు. వీటిని మిస్తేరియో అంటే తప్పని కాదు గానీ చిన్న విషయానికి పెద్ద దీపం పెట్టినట్టుంటుంది. కొత్తగా చేరిన ఉద్యోగి గురించి “ఎస్ ఉనా ఇన్‌కోగ్నితా” అంటే ఎలా పనిచేస్తాడో చూడాలి అని. “ఎస్ ఉన్ మిస్తేరియో” అంటే ఆ మనిషే ఏదోలా ఉన్నాడని.

దీని పుంలింగ రూపం వేరే దారి పట్టింది. ‘దె ఇన్‌కోగ్నితో’ అంటే ఎవరో తెలియకుండా, మారుపేరుతో తిరగడం. “ఎల్ గ్రాన్ ఇన్‌కోగ్నితో” అని రాసి పెద్ద ప్రశ్న అనుకోవడం తరచూ కనబడే పొరపాటు.

ఈ లెక్కకు అడ్డొచ్చేవి

నాకే ఇబ్బంది కలిగించేవి ఇప్పుడు చెప్పాలి. మొదటిది, విశ్వ రహస్యాలు. ‘లోస్ సెక్రేతోస్ దెల్ ఉనివేర్సో’ అన్నది రోజూ వినే మాట. విశ్వానికి సొంతదారు ఎవరు? దాచిన చేయి ఏది? సొంతదారు పరీక్ష ఇక్కడ తప్పిందనే అనిపిస్తుంది. అయితే ఆ వాక్యాల్లో క్రియ చూడండి: ప్రకృతి తన రహస్యాలు ‘గ్వార్దా’, దాచుకుంటుంది. సెక్రేతో అనడంతోనే ప్రకృతిని ఒక మనిషిగా, గుప్పిట మూసుకున్న మనిషిగా ఊహించేశారు. సొంతదారు లేడని కాదు, కల్పించుకున్నారు. కిటుకు అనే అర్థంలో వచ్చే “ఎల్ సెక్రేతో ఎస్తా ఎన్...”, రహస్యమంతా ఫలానా దాంట్లో ఉంది అనడం, కూడా ఇంతే. దీర్ఘాయువు కిటుకు, పిండి పొంగే కిటుకు, ఎవరో తెలిసినవాళ్ళ చేతిలో ఉన్నట్టే ఆ మాట పలుకుతుంది.

రెండోది ఇంకా గట్టిది. ఎదుటివాడు ఏదో దాస్తున్నాడని తెలిసినప్పుడు స్పానిష్‌వాళ్ళు అడిగేది “ఆ కే వియేనే తాంతో మిస్తేరియో?”, ఎందుకింత దాగుడుమూతలు అని. ఇక్కడ సొంతదారు కళ్ళ ముందే నిలబడి ఉన్నాడు, అయినా మిస్తేరియోనే. దీని కోసం నా లెక్కను కాస్త సవరించుకోక తప్పదు. సొంతదారు ఉన్నాడా అన్నదొక్కటే చాలదు, మాట్లాడేది ఎవరు అన్నదీ చూడాలి. మూట ఒకటే. పట్టుకున్నవాడు దాన్ని సెక్రేతో అంటాడు, బయట నిలబడి చూసేవాడికి అది మిస్తేరియో.

1971లో దక్షిణ స్పెయిన్ ఆందలూసియాలోని బేల్‌మెస్ దె లా మొరాలేదా అనే ఊళ్ళో ఒక ఇంటి వంటగది సిమెంటు నేల మీద మనిషి ముఖాల్లాంటి మరకలు కనిపించాయి. దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. నమ్మినవాళ్ళకు అది మిస్తేరియో. ఎవరో గీశారని అనుకునేవాళ్ళకు ‘ఎల్ సెక్రేతో దె లాస్ కారాస్’, ముఖాల రహస్యం, అన్నది నప్పుతుంది, గీసినవాడికి కిటుకు తెలుసు గనక. పరిశోధకుడు నేల ముక్కను ప్రయోగశాలకు పంపి ఆ రంగు దేనిదో కనుక్కోబోతే అతని చేతిలో ఉన్నది ఇన్‌కోగ్నితా. అంటే ఏ మాట ఎంచుకున్నా మాట్లాడేవాడు ఏం నమ్ముతున్నాడో బయటపడుతుంది. అందుకే అనువాదంలో ఈ మాటలను అటూ ఇటూ మార్చేస్తే మూల రచయిత అభిప్రాయాన్నే మార్చేసినట్టు.

మూడో అభ్యంతరం మిస్తేరియోకీ ఎనీగ్మాకీ మధ్య సరిహద్దు గురించి. నిజం చెప్పాలంటే చాలా చోట్ల అది చెరిగిపోయింది. పెరూ ఎడారి నేల మీద ఉన్న ప్రాచీన నాస్కా గీతలను ఈ పూట మిస్తేరియో అన్న పత్రిక రేపు ఎనీగ్మా అంటుంది. అక్కడ పట్టుబట్టి లాభం లేదు. ఒక్క మతం దగ్గర మాత్రం గీత గట్టిగా ఉంది. కాథలిక్కులు జపమాలతో ధ్యానించే ఘట్టాలు ‘మిస్తేరియోస్’. ఆనందానివి, దుఃఖానివి, మహిమవి ఐదేసి, 2002లో పోపు రెండో జాన్‌పాల్ చేర్చిన వెలుగు ఘట్టాలు ఐదు, మొత్తం ఇరవై. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న త్రిత్వం ఒక మిస్తేరియో. దాన్ని ఎనీగ్మా అంటే గళ్ళ నుడికట్టులా వినిపిస్తుంది, ఎవరో తెలివైనవాడు రేపో మాపో పూరించేస్తాడన్నట్టు. స్పెయిన్‌లోని సెవియ్యాలో, ఈస్టరు ముందు వచ్చే పవిత్ర వారం ఊరేగింపుల్లో క్రీస్తు బాధల ఘట్టాన్ని బొమ్మలతో పేర్చిన రథం ‘పాసో దె మిస్తేరియో’. క్రిస్మస్ బొమ్మల కొలువులో మరియ, యోసేపు, బాలయేసు ముగ్గురిని కలిపి ‘ఎల్ మిస్తేరియో’ అంటారు. డిసెంబరులో ఒకావిడ దుకాణంలో మిస్తేరియో కావాలని అడిగితే అపరాధ పరిశోధన నవల చేతిలో పెట్టకూడదు.

ప్రభుత్వం వాడేది ఒకటే మాట

చట్టం జోలికి వెళితే ఈ అనుమానాలేవీ ఉండవు. చట్టానికి సొంతదారు కావాలి, కనుక అంతా సెక్రేతోనే. 1978 స్పెయిన్ రాజ్యాంగం 18వ అధికరణం ఉత్తరాలకు, టెలిగ్రాములకు, ఫోన్లకు ‘సెక్రేతో’ హామీ ఇస్తుంది, న్యాయస్థానం ఆదేశిస్తే తప్ప. 1968 నాటి అధికార రహస్యాల చట్టం పత్రాలను ‘సెక్రేతో’, ‘రెసెర్వాదో’ అని రెండు తరగతులు చేసింది. నేరవార్తల్లో ‘సెక్రేతో దె సుమారియో’ అని కనిపిస్తే దర్యాప్తు వివరాలు కక్షిదారులకు కూడా చూపకుండా జడ్జి ఆదేశించాడని. ఆ వార్త కిందే ‘మరణం ఇంకా మిస్తేరియోనే’ అని ఉంటుంది. దర్యాప్తులో తేలినంతవరకు సెక్రేతో, తేలనిది మిస్తేరియో.

అదే మాటను స్త్రీలింగం చేసి ‘లా సెక్రేతా’ అంటే మఫ్టీ పోలీసులు. మాట బయటపెట్టని మనిషిని ‘సెక్రేతో’ అనకూడదు, ‘రెసెర్వాదో’ అనాలి. పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళడం ‘కోన్ సిహీలో’. ఈ సిహీలో లాటిన్‌లో ముద్ర. పూజారి పాపసంకీర్తన రహస్యాన్ని కాపాడే నియమానికీ అదే పేరు. మన ‘బహిరంగ రహస్యం’ ‘సెక్రేతో ఆ వోసెస్’, గొంతెత్తి అరుస్తున్న రహస్యం.

అర్కానో గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పెట్టె అనే మాట నుంచి వచ్చింది. పుస్తకాల్లో తప్ప వినిపించేది టారో అనే చీట్ల జోస్యంలోనే, 22 పెద్ద అర్కానోలు, 56 చిన్నవి. మాటల్లో వాడితే ఉపన్యాసం అయిపోతుంది.

ఆటలు

పొడుపు కథకు ‘అదివినాన్సా’. ఊహించి చెప్పడమనే క్రియ నుంచి వచ్చింది, పిల్లల నోట పాటలా ఉంటుంది. తర్కంతో తేల్చాల్సినది ‘అసెర్తీహో’, గురి తగలడమనే క్రియ నుంచి. “ఓరో పరేసే, ప్లాతా నో ఎస్”: బంగారంలా ఉంటుంది, వెండి కాదు. ఆ చివరి మూడు మాటల్నీ విడగొట్టకుండా గబగబా పలికితే ‘ప్లాతనో ఎస్’, అరటిపండు అని జవాబు. ప్రశ్నలోనే జవాబు దాగి ఉంది, దాచినవాడు వినేవాడికి ఎదురుగా నవ్వుతున్నాడు. అయినా దీన్ని సెక్రేతో అనరు, ఎందుకంటే ఇది దాచడానికి కాదు, విప్పించడానికి దాచింది.

తల బద్దలు కొట్టుకునేదానికి అచ్చంగా ‘రొంపెకబేసాస్’, తలలు పగలగొట్టేది. ముక్కలు పేర్చే బొమ్మల ఆటకూ అదే పేరు. చివర బహువచనం కనిపించినా మాట ఏకవచనం, పుంలింగం. ఇక సులువైన పనికి వాళ్ళ మాట “నో తియేనే నింగూన్ మిస్తేరియో”. ఇందులో బ్రహ్మవిద్యేం లేదని.

ఒక్క మనిషి, అన్ని మాటలూ

ఈ మాటలన్నిటినీ ఒకేచోట నిలబెట్టి చూడాలంటే కొలంబస్‌ను, స్పానిష్‌వాళ్ళ కొలోన్‌ను, మించినవాడు లేడు.

పుట్టుక సంగతి సెక్రేతో. ఇటలీలోని జెనోవావాడని ఎక్కువమంది చరిత్రకారులు ఒప్పుకుంటారు, కానీ తన ఊరూ మూలాలూ అంత స్పష్టంగా తెలియకుండా ఉండాలనే తండ్రి కోరుకున్నాడని కొడుకు ఎర్నాండో రాశాడు. కోరుకున్నాడంటే సొంతదారు ఉన్నట్టే.

సంతకం ఎనీగ్మా. పైన ఒక ఎస్, దాని కింద ఎస్, ఏ, ఎస్, ఆ కింద ఎక్స్, ఎమ్, వై, అన్నిటికన్నా కింద క్రీస్తును మోసేవాడు అనే అర్థంలో తన పేరు. 1498లో రాసిన వారసత్వ పత్రంలో తన తర్వాతివాళ్ళు కూడా ఇలాగే సంతకం చేయాలని ఏ అక్షరం మీద ఏది ఉండాలో వరసగా చెప్పాడు. ఆ అక్షరాల అర్థమేమిటో మాత్రం చెప్పలేదు. ముక్కలన్నీ ఎదుట పెట్టి తాళంచెవి పట్టుకుపోయాడు. అతను బతికుండగా దాన్ని సెక్రేతో అన్నా చెల్లేది. తెలిసినవాడు పోయాక దాని పేరు మారిపోయింది, అక్షరం మాత్రం మారలేదు.

ఎముకలు ఇన్‌కోగ్నితా. 1506లో వయ్యదొలీద్‌లో పోయాడు. ఎముకలు సెవియ్యాకు, అక్కడి నుంచి కరీబియన్ ద్వీపంలోని సాంతో దొమింగోకు వెళ్ళాయి. 1795లో క్యూబాలోని హవానాకు, 1898లో క్యూబా స్పెయిన్ చేజారాక తిరిగి సెవియ్యాకు తెచ్చామన్నారు. ఈలోగా 1877లో సాంతో దొమింగో ప్రధాన చర్చిలో అతని పేరున్న సీసపు పెట్టె బయటపడి, 1795లో వేరొకరి ఎముకలు పట్టుకెళ్ళారన్న వాదన లేచింది. సెవియ్యా సమాధిని 2003లో తెరిచారు. తమ్ముడు దియేగో ఎముకల డీఎన్‌ఏతో అవి కలిశాయని 2006లో ప్రకటించారు. పత్రికలు రాసిన క్రియ దెస్పెహార్. అందులో మిస్తేరియో ఏమీ లేదు, గడి ఖాళీగా ఉంది, వివరం వచ్చి నిండింది.

కానీ సెవియ్యాలో ఉన్నవి కొద్దిపాటి ముక్కలే. సాంతో దొమింగో పెట్టెకు అప్పుడు ఆ పరీక్ష జరగలేదు. ఒకే మనిషి ఎముకలు రెండు చోట్లా ఉండొచ్చు కూడా. స్పానిష్‌లో దీనికి బడిలో నేర్పే మాటే ఉంది: ‘ఉనా ఎక్వసియోన్ కోన్ దోస్ ఇన్‌కోగ్నితాస్’, రెండు తెలియని రాశులున్న సమీకరణం.